చౌడు మీద చెట్టు పట్టా

ఫిబ్రవరి 2, 1958. ఇంట్లో.

నేల తెల్లబడింది. పోయిన ఆదివారం గట్టు అంచున సన్నగా కనిపించిన తెలుపు ఇవాళ మొక్కల పాదుల్లోకి వచ్చేసింది. ఎండ ముదిరే కొద్దీ చౌడు పైకి పొంగుతుంది. ఇది నేను బళ్ళో నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు ఈ నేల మీదే, పొద్దు పొడవకముందు, అమ్మా చిన్నమ్మా నేనూ చీపుర్లతో చౌడు ఊడ్చి తట్టలకెత్తేవాళ్ళం. ఊరందరి బట్టలూ ఆ మట్టితోనే తెల్లబడేవి. ఎంత పొంగితే అంత సంబరం మాకు. ఇప్పుడు అదే తెలుపు… చూడబుద్ధి కావడం లేదు.

నాయన చింత మొక్క పక్కన గొంతుక్కూచుని కాండాన్ని వేలితో మీటి చూశాడు. "పట్టుకునింది పాపా. ఇంగ బయం లేదు."

ఆకుల కొసలు మాడి ఉన్నాయి. 

ఫిబ్రవరి 3. జమ్మలమడుగు.

మొదటి బస్సు దిగి నేరుగా బడికి. మూడో తరగతికి నేలల పాఠం. నల్లరేగడి, ఎర్రనేల, ఇసుక నేల. చౌటి నేల గురించి పుస్తకంలో ఒకే వాక్యం — పంటలకు పనికిరాదు. చదివించాను. వెనక వరసలో ఒక పిల్ల లేచింది. "పనికిరానిదాన్ని దేవుడు ఎందుకు చేసినాడు టీచరమ్మా?"

కూర్చో అన్నాను. తర్వాతి పేజీ తిప్పించాను.

ఫిబ్రవరి 9.

రాసి పెట్టుకోవాలి. లేకపోతే కోపం చల్లారిపోతుంది.

పోయిన వానాకాలం, వనమహోత్సవం రోజు. బ్లాకు ఆఫీసు వాళ్ళు జీపు నిండా చింత, నిమ్మ, నేరేడు, కానుగ మొక్కలు తెచ్చారు. చెరువు కట్ట కింద ఎర్రనేల ముక్కలకు అడిగినవాళ్ళకు అడిగినట్టు చెట్టు పట్టాలు రాశారు. నేల సర్కారుదే. చెట్టు పెంచినవాడిది. చెట్టు నిలబడినన్నాళ్ళు ఆ నేల అతని చేతిలో ఉంటుంది. నాయన అందరి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పంచాయతీ ప్రెసిడెంటు చూసి, "చాకలోనికి కావల్సింది చౌడు గదప్పా. రోడ్డు పక్క చౌటి బీడు రాయండి మన ఓబులేసుకు" అన్నాడు. జీపు చుట్టూ నవ్వులు. నాయన కూడా నవ్వాడు.

కరణం షరతు చదివి వినిపించాడు. వచ్చే జమాబందీకి, ఊరి శిస్తు లెక్కలు చూడడానికి తాసీల్దారు వచ్చేసరికి చెట్లు ప్రాణంతో ఉండాలి. లేకుంటే పట్టా రద్దు.

మా ఇంట్లో ఎవరి పేరునా ఇంతవరకు జానెడు నేల లేదు. నాయన ఆ రోజు ఎందుకు నవ్వాడో నాకు తెలుసు. వాళ్ళు ఎందుకు నవ్వారో కూడా తెలుసు.

ఫిబ్రవరి 23.

నాయన కంచె వేశాడు. రేగు కంపలు, తుమ్మ కంపలు. చేతుల నిండా గీరుకుపోయిన గీతలు. మేకలు రావు ఇక. మనుషులూ రారు…

మార్చి 2. ఇంట్లో.

చిన్నమ్మ వచ్చింది, నాయన తమ్ముడి భార్య, తట్ట చంకన పెట్టుకుని. కంచె దగ్గరే నిలబడింది. ఎప్పటిలాగే చౌడు ఊడ్చుకోవడానికి. అమ్మ లోపలి నుంచే —

"ఈడ ఊడిస్తే మొక్కల వేర్లు కదుల్తాయంట. రోడ్డవతలికి పో లచ్చుమీ."

"అవతల చౌడు సప్పగుంటాదని నీకు తెల్దా అక్కా? తట్టెడు పోసినా మురికి ఇడవదు."

"ఈ ఏడాదికి సర్దుకో."

"సర్దుకుంటా. మీ పాప బళ్ళో జీతం తెస్తాంది, మీరు సబ్బుతో ఉతుకుతారు. మేము దేంతో ఉతకల్ల, ఎంగిలితోనా?"

నాకు నవ్వొచ్చింది. చిన్నమ్మ నోరు అలాంటిది. నా నవ్వు చూసి ఆమెకు ఇంకా మండింది. "నవ్వు పాపా, నవ్వు. ఇంటిల్లిపాదీ ఊడ్చుకునే నేలకు కంపేసుకుంటిరి. మీ చెట్లు నేను ఉతికిన పంచె మాదిరి తెల్లగైపోవల్ల."

నాయన పాదు తవ్వుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆమె వెళ్ళాక మాత్రం పార పక్కన పెట్టేశాడు.

మార్చి 16.

వంక ఎండిపోయింది. ఇసుకలో తవ్విన చెలమలో నీళ్ళు ఊరీ ఊరనట్టు ఊరుతున్నాయి. తీపి నీళ్ళు కావాలంటే చెరువు కింద ప్రెసిడెంటు బావికి పోవాలి. అక్కడికి పోయి అడగడం నాయనకు ఇష్టం లేదు. మొక్కలకు నీళ్ళు ఎక్కడివని అడిగాను.

"యాడివో ఎందుకు, నావే" అన్నాడు. చౌడులో నానేసి, బానలో ఉడికించి, బట్టలు తీసేశాక మిగిలే నీళ్ళు. ఇన్నేళ్ళూ ఇసుకలో పారబోసినవి. ఇప్పుడు చల్లారబెట్టి కావడికెత్తుతున్నాడు. "ఊరి మురికంతా దీంట్లోనే ఉండాది. ఇంతకంటే ఎరువు ఇంగేముంటాది పాపా?"

చాకిరేవు నుంచి రోడ్డు పక్క బీడు దాకా మోస్తున్నాడు, రెండు పూటలా. భుజం మీద కాయ కాసింది. చుక్క వృథా పోనివ్వని మనిషి. నాకు గర్వంగా ఉంది.

మార్చి 30.

ఆకు ఎలా చస్తుందో రాస్తాను. మొదట కొస గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత అంచు వెంబడి లోపలికి పాకుతుంది, కాగితానికి నిప్పంటుకున్నట్టు. మధ్యలో మాత్రం పచ్చదనం కొన్నాళ్ళు మిగులుతుంది. అది చూసే నాయన ఆశపడతాడు. తర్వాత ఆకు దోనెలా ముడుచుకుని రాలుతుంది. కొత్త ఇగురు వస్తుంది, చిన్నది, ఎలుక చెవంత. అదీ మాడుతుంది.

ఒక నిమ్మ పూర్తిగా పోయింది. పెరికాను. వేరు జానెడు దిగి, బండ తగిలినట్టు పక్కకు తిరిగింది. కింద బండ లేదు. మట్టే. వేరు నల్లగా, మెత్తగా… వేలితో నొక్కితే తోలు ఊడి వచ్చింది.

పాదులో పోసిన నీళ్ళు ఇంకడం లేదు. నూనె గుడ్డ మీద పోసినట్టు పైనే నిలుస్తున్నాయి. ఎండకు అవి ఆరితే మళ్ళీ తెలుపు.

ఏప్రిల్ 12. ప్రొద్దుటూరు.

బడి ఒంటిపూట. మధ్యాహ్నం బస్సుకు వ్యవసాయం ఆఫీసుకు వెళ్ళాను. మాడిన ఆకులు, పాదులోని మట్టి మూటగట్టుకుని. అక్కడి ఆయన మంచివాడే. కుర్చీ వేయించాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడుతున్నాడు. "జిప్సం వేయాలండీ. మళ్ళు కట్టి మంచినీళ్ళు నిండుగా పెట్టి కడగాలి. ఆ నీళ్ళు పోవడానికి లోతుగా మురుగు కాలవ తవ్వుకోవాలి. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగు చల్లి దున్నాలి. ఎన్ని జతల ఎడ్లున్నాయండీ మీ నాన్నగారికి?"

ఎడ్లు లేవన్నాను. కావడి ఉందన్నాను.

ఆయన కలం మూత పెట్టాడు. ఎగతాళి చేయలేదు.  బస్టాండులో మట్టి మూట విప్పి చెత్త కుప్పలో పోశాను. ఎందుకు అంత దూరం మోసుకొచ్చానో.

ఏప్రిల్ 13.

నేరేడు మొక్కలు కూడా పోయాయి.

ఏప్రిల్ 20. ఇంట్లో.

బాగున్నవి కంచె పక్కన కానుగలే. మిగిలాయని బ్లాకు వాళ్ళు ఇచ్చిపోతే నాటిన మొక్కలు. కానుగ మొండిది అంటున్నారు చూసినవాళ్ళంతా. నాయన వాటి వైపు తిరిగి చూడడు. తినే కాయ కాయని చెట్టు చెట్టా అంటాడు. ఆయన ప్రాణం చింత మీద. "నీ పిల్లకు పిల్ల పుట్టే కాలానికి కాస్తాదిమ్మే ఇది." ఆ చింతకు ఆకులు లెక్కపెట్టేన్ని మిగిలాయి.

ఏప్రిల్ 27.

ప్రెసిడెంటు స్వయంగా వచ్చాడు. కంకర రోడ్డు వేస్తారట ఇటు. గొడుగు నేలకు ఆనించి బీడంతా కలయజూసి, "ఏం ఓబులేసూ, అడవి పెంచుతాంటివే" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళకు చాలినంత నవ్వు.

"కొన్ని పోయినాయి సామీ. చింతలు ఉండాయి."

"చింతలా అవి? నేను పుల్లలనుకుంటి." తర్వాత గొంతు తగ్గించి, "చూడప్పా. తాసీల్దారు వచ్చి నలుగురిలో కొట్టేస్తే నీకే నగుబాటు. నీ అంతట నువ్వే రాజీనామా రాసిచ్చేయి. రోడ్డు పక్కన మిల్లు షెడ్డు వేస్తాం. చౌడైతే ఏమి, షెడ్డుకు వేర్లుంటాయా? మీ ఆడోళ్ళకు మిల్లులో పని చూపిస్తా."

వెళ్తూ నా వైపు తిరిగాడు. "రాసేదానికి మనిషి ఇంట్లోనే ఉండాది గదా, ఏం పంతులమ్మా."

నన్ను చదివించినప్పుడు వద్దన్నవాళ్ళలో ఈయన ఒకడు. ఇప్పుడు నా చదువుకు పని చెబుతున్నాడు.

మే 5. సెలవులు.

వాన! వాన అనకూడదేమో, జల్లు. సాయంత్రం మబ్బు పట్టి, నేల వాసన లేచి, చూరు నుంచి బొట్లు రాలేంత. నాయన బీడులో నిలబడి తడిశాడు. నెత్తిన గుడ్డ కూడా తీసేశాడు. అమ్మ తిడుతూనే నవ్వుతోంది. పైన తెలుపంతా మాయం. నేల నల్లగా, మామూలు నేలలా కనబడింది. చింత కొమ్మ కడిగినట్టు ఉంది.

"చూస్తివా. పైనుండే ఆయన చూసినాడు" అన్నాడు.

ఈ రాత్రి ఇంట్లో అందరం కడుపు నిండా తిన్నాం.

మే 8.

చింతలు ఆకులు రాల్చేశాయి. అన్నీ ఒక్కసారే. వాన పడిన తర్వాత. ఎండకు చావలేదు, ఎద్దడికి చావలేదు. తడిశాక చచ్చాయి.

నాకు అర్థమవుతోంది కొంత. పైనున్న తెలుపు మాయం కాలేదు. కరిగి కిందికి దిగింది, వేరు దగ్గరికి. నాలుగు రోజులు కురిసి ఉంటే ఇంకా లోతుకు కొట్టుకుపోయేదేమో. జల్లు దాన్ని వేరు దాకా తెచ్చి వదిలేసింది.

నాయనకు ఇదంతా చెప్పబోయాను. వినలేదు. ఆయనకు వేరే సంగతి తెలిసిపోయింది. "లచ్చుమి నోరు తగిలింది."

మే 9.

రేవు దగ్గర గొడవ. నాయన ఎప్పుడూ అంత పెద్ద గొంతు ఎత్తలేదు. "నీ పెండ్లాం నా చెట్లను తినింది." చిన్నాయన తడి గుడ్డ బండ మీద పడేసి, "చెట్లను తిననీకి అది మేకనా అన్నా?" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వే నిప్పు పెట్టింది. నాయన తమ్ముణ్ణి తోశాడు. చిన్నమ్మ ఏడుస్తూ దుమ్ము తీసి పోసింది. ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టి, ఇన్నేళ్ళు ఒక బాన కింద మంట పెట్టినవాళ్ళు. ఇవాళ బట్టలు ఉతికే ఊరి ఇళ్ళు పంచుకున్నారు — ఇవి నీవి, ఇవి నావి. రేవులో బండలు కూడా.

మే 14. పులివెందుల.

సుంకమ్మత్తకు కాలు బెణికిందని కబురు. నాయన చెల్లెలు. మామ లేడు. సెలవులే కదా అని నేను వచ్చాను. ఇంట్లో ఉండలేక వచ్చాను అని రాస్తే నిజం.

ఇక్కడ ఎర్రనేల. బావుల్లో నీళ్ళు. తెల్లారితే ఎడ్లతో కపిల తోలి నీళ్ళు తోడుతున్న చప్పుడు. చీనీ తోటలు, కోస్తా వాళ్ళు బత్తాయి అనేవి, పచ్చగా… కళ్ళు మండేంత పచ్చగా.

మే 15.

అత్తకు బదులు నేను బాన పెడుతున్నాను, చీనీ తోట కాలవ గట్టు మీద. కాలు ఈడ్చుకుంటూ అత్త పక్కనే ఉంది. తోట ఆసామి భార్య వచ్చింది.

"ఏమే సుంకమ్మా, ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు? కాలవ కాడ బాన పెట్టొద్దని."

"నీళ్ళు ఈడే గదమ్మా ఉండాయి."

"నీ చౌటి నీళ్ళు కాలవలో దిగితే మా చీనీలు చస్తాండాయి. ఆ వంకలో పెట్టుకో పో."

నేను ఊరుకోలేకపోయాను. "మా చేతి నీళ్ళు తగిలితే చెట్లు కూడా మైలపడతాయా అమ్మా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఎవురే ఈ పిల్ల? సదువుకునిందా? సదువుకునిండేదానివి పోయి చూడు, ఆ మూలచెట్టును."

చూడలేదు. చూసేది లేదు. బాన నెత్తికెత్తుకుని వచ్చేశాను. అత్త దారి పొడవునా నన్నే తిట్టింది. "పెద్దోళ్ళతో ఏందే నీకు. నువ్వు రేపు బస్సెక్కి పోతావు. నేను ఈడ ఉతకల్ల."

మే 16.

చూశాను.

పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్ళాను. మూలచెట్టు. అత్త ఇన్నాళ్ళూ బాన నీళ్ళు వంచిన చోటు నుంచి సన్నటి దారి కాలవ దాకా, కాలవ నుంచి ఆ చెట్టు పాదు దాకా. పాదులో తెల్లటి పొర. ఆకు కొసలు గోధుమ రంగు. అంచు వెంబడి లోపలికి. మధ్యలో పచ్చదనం. దోనెలా ముడుచుకుని…

ఎర్రనేల ఇది. ఇక్కడ చౌడు లేదు, అత్త బయటి నుంచి తెచ్చుకుంటుంది. మా నీళ్ళతో వచ్చింది.

 

మే 17. బస్సులో, ముద్దనూరు దాటాక. చెయ్యి కదిలిపోతోంది.

కానుగలు ఎందుకు బతికాయి? మొండివి కావచ్చు. కానీ నాయన వాటికి కావడి మోయలేదు. నిమ్మకు మోశాడు, మొదట అదే పోయింది. చింతను అన్నిటికంటే ఎక్కువ సాకాడు. ఆ నేల ఎలాగూ చెడ్డది, ఆ జల్లు ఎలాగూ చెడ్డది. కానీ రెండు పూటలా దాని మీద ఇంకా చౌడు పోసింది మేమే. చేతి తోలు ఊడగొట్టే నీళ్ళు. అమ్మ వేళ్ళ సందుల్లో పుండ్లు చేసే నీళ్ళు. ఇంట్లో అందరికీ తెలిసిన నీళ్ళు. వేరు గురించి మాత్రం ఎవరం అనుకోలేదు. వేరూ తోలే కదా.

నాయన ఇంతకాలం ఏ మొక్కా పెంచలేదు. పెంచడానికి నేలేదీ? చేతిలో ఉన్నది పోశాడు.

మే 18. ఇంట్లో.

పోస్తూనే ఉన్నాడు. ఆకు లేని చింతలకు. చిన్నమ్మ దిష్టి తీయడానికి మూడు దారుల మట్టి తెచ్చి పాదుల్లో వేశాడు. నేను చెప్పలేదు.

మే 21.

చెప్పలేదు.

చెబితే? తన చేతులతోనే చంపుకున్నానని తెలుస్తుంది. భుజం మీద ఆ కాయ చూసుకున్నప్పుడల్లా తెలుస్తుంది. చెప్పకపోతే? తమ్ముడితో మాట్లాడడు. నేల వదిలేస్తాడు. చెట్లు ఎందుకు పోయాయో తెలిస్తే మళ్ళీ నాటవచ్చు, వానాకాలం ముందుంది, కానుగలు చూపించి గడువు అడగవచ్చు. తెలియకపోతే అడగడానికే మనసు రాదు ఆయనకు. శాపం తగిలిన నేలను ఎవరు అడుగుతారు?

చెప్పడానికీ, మూసుకోవడానికీ నా నోరే కావాలి. ఈ ఇంట్లో చదువుకున్న నోరు.

జూన్ 1.

కరణం చెప్పి పంపాడు. జమాబందీ దగ్గర పడింది. ప్రెసిడెంటు మనిషి రోజూ గుమ్మం ముందు నుంచే — "కాగితం అయిందా ఓబులేసూ?"

జూన్ 7.

"రాయి పాపా" అన్నాడు నాయన, మధ్యాహ్నం. కాగితం, సిరాబుడ్డి ఆయనే తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏలిముద్ర నేను ఏస్తా. మనకు అచ్చి రాలేదు. తీసుకోనీ."

నాయన కోసం ఇంతవరకు నేనేమీ రాసి ఇవ్వలేదు. ఉత్తరం రాస్తే చదువుకునే చుట్టాలు ఎవరూ లేరు మాకు. మొట్టమొదటిసారి. పైన ఊరి పేరు రాశాను. కింద ఆయన పేరు, ఆయన తండ్రి పేరు. "నాకు ఇవ్వబడిన చెట్టు పట్టా భూమిని" దాకా వచ్చి కలం ఆగిపోయింది.

"నాయనా. చెట్లను చిన్నమ్మ నోరు చంపలేదు."

"మరి?"

"నీళ్ళు."

"నీళ్ళు తక్కువైనాయా?" ముఖంలో ఎంత ఆత్రం. తక్కువైతే ఇంకా మోసేవాణ్ణి కదా అన్నట్టు.

"తక్కువ కాలేదు నాయనా. బాన నీళ్ళు అవి. పులివెందులలో చూసినా, అత్త నీళ్ళు దిగిన చెట్టు. ఇట్లనే మాడింది."

ఆయన నన్ను చూడలేదు. గోడకు ఆనించిన కావడి బద్దను చూశాడు. అమ్మ వంట దగ్గర నుంచి తొంగి చూసి వెనక్కి తగ్గింది.

"దొడ్డు గుడ్డ కూడా," అన్నాడు చివరికి, "ఆ నీళ్ళల్లో నాల్గు దినాలు మరిచిపోతే పిగిలిపోతాది." లేచి బయటికి వెళ్ళాడు. కాగితం మాట ఎత్తలేదు.

రాత్రి అన్నం ముట్టలేదు. "ఏం చెప్తివే ఆ మనిషికి?" అని అమ్మ నన్ను అడుగుతూనే ఉంది.

జూన్ 8. ఆదివారం.

పొద్దున లేచేసరికి నాయన లేడు. కావడి లేదు. చిన్నాయన ఇంటికి పోయి ఉంటాడని అమ్మ ఆశ. పరుగెత్తుకుని పోయి చూసి వచ్చింది. అక్కడికి పోలేదు. చిన్నమ్మ వాకిట్లోనే ఉందట. అమ్మను చూసి మొహం తిప్పుకుందట.

ఎండ బాగా ఎక్కాక రోడ్డు మీద కనబడ్డాడు. చెరువు వైపు నుంచి. కావడి రెండు వైపులా నిండు కుండలు. మా వైపు చూడకుండా నేరుగా బీడులోకి వెళ్ళి చింతల పాదుల్లో పోశాడు. ఒక్కొక్కదానికీ. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. నేను ఎదురు పోయి కుండలో చెయ్యి పెట్టి నోట్లో పోసుకున్నాను. తీపి నీళ్ళు. ప్రెసిడెంటు బావి నీళ్ళు.

"ఏమని అడిగినావు నాయనా వాళ్ళను?"

"పక్కకు జరుగు పాపా. తొణుకుతాయి."

ఆ చింతలు ఎండిపోయిన పుల్లలు. గోటితో గీరితే లోపల పచ్చ లేదు, నేను నిన్ననే గీరి చూశాను. ఆయనకూ కనబడకుండా ఉంటుందా? పోస్తున్నాడు. మా ఇంట్లో ఎవరం ఆపడం లేదు.

రాజీనామా కాగితం నా ముందే ఉంది, సగం వాక్యంతో. ప్రెసిడెంటు మనిషి ఇవాళ దాన్ని అడగడానికి రాలేదు. రోజూ వచ్చేవాడు. సాయంత్రమైంది, ఇంకా రాలేదు. ఆ బావి నీళ్ళకు నాయన ఏం మాట ఇచ్చి వచ్చాడో.